కోదాడ దారిలో ఎవరు పక్కకు జరగాలి: రోడ్డు నిబంధనల చరిత్ర

రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే ఏది పక్కకు తప్పుకోవాలి? రోడ్డు నిబంధనలన్నీ ఈ ఒక్క తగవు తీర్చడానికి పుట్టినవే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ తగవు చాలా పాతది, ఎందుకంటే అక్కడి దారి కూడా అంత పాతది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాట ఈ నేల మీదుగానే సాగింది. అదే తర్వాత హైదరాబాదు–బెజవాడ రోడ్డయింది, ఆపైన 9వ నంబరు జాతీయ రహదారి అయింది, 2010లో నంబర్లు మార్చినప్పుడు 65 అయింది. దారి పేరు మారినప్పుడల్లా దాని మీద ఎవరిది పైచేయి అన్నదీ మారుతూ వచ్చింది.

పదిహేడో శతాబ్దంలో ఆ పైచేయి మందది. గోల్కొండ వజ్రాల కోసం పలుమార్లు ఇటు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, బియ్యం, ఉప్పు మోసే పెరికె ఎడ్లను పది పన్నెండు వేల చొప్పున ఒకే బిడారులో చూశానని రాశాడు. అలాంటి బిడారు ఎదురైతే ప్రయాణికుల బండ్లు రెండు మూడు రోజులు ఆగిపోవలసి వచ్చేదట. పది వేల ఎడ్లకు పక్కకు జరగమని చెప్పగలవాడెవడు? ఆ ఎడ్లను తోలిన లంబాడీల తండాలు ఈనాటికీ సూర్యాపేట చుట్టూ కనిపిస్తాయి. కోస్తా నుంచి ఉప్పు పైకి, మెట్ట సీమ ధాన్యం కిందికి ప్రయాణం చేసిన కాలంలో ఏ సర్కారూ రాయని నిబంధన ఒక్కటే ఉండేది: చిన్నది ఆగాలి, పెద్దది పోవాలి.

ఎడమకు నడపాలన్న నియమం బ్రిటిష్ పాలనతో వచ్చినా, కుడి ఎడమల లెక్క బండివాళ్లకు కొత్తది కాదు. కాడికి కట్టిన జతలో ఎడమ ఎద్దు దాపటిది, కుడి ఎద్దు ఎలపటిది. నాగలికి గానీ బండికి గానీ ఏ ఎద్దు ఏ పక్క కట్టాలో దానికి చిన్నప్పుడే అలవాటు చేసేవారు. దాపటి పగ్గం గుంజితే బండి ఎడమకు ఒరుగుతుంది. మోటారు వచ్చాక బండివాడు నేర్చుకోవలసింది ఏ పక్కకు అన్నది కాదు, ఎంత తొందరగా అన్నది. వెనక నుంచి హారన్ వినపడ్డాక గంటకు రెండు మైళ్లు నడిచే జోడెడ్లు ఎంత కంగారుపడ్డా ఎంతని జరుగుతాయి!

రాత్రి ప్రయాణానికి బండి కింద, ఇరుసు దగ్గర, కందీలు వేలాడదీసేవారు. దాని వెలుగు దారి చూడటానికి పనికిరాదు. దారి ఎడ్లకు తెలుసు. వెనక వచ్చేవాడికి ముందొక బండి ఉందని తెలియడానికే ఆ కందీలు. నేడు ట్రాక్టరు ట్రాలీ వెనక అంటించే రేడియం స్టిక్కరు చేసే పని సరిగ్గా అదే. నెలల తరబడి దుమ్ము పట్టి ఆ స్టిక్కరు కనిపించకుండా పోతే, కందీలు లేని బండికీ ఆ ట్రాలీకీ తేడా లేదు.

నిజాం కాలపు నల్లగొండ జిల్లాలో దారి హక్కు దొర హోదాను బట్టి ఉండేది. తెలంగాణ రైతాంగ పోరాట చరిత్రలు వెట్టి గురించి చెప్పేటప్పుడు తప్పక చెప్పే సంగతి ఒకటుంది. దొర లేదా సర్కారీ అధికారి సవారి కచ్చురం ఊళ్ల మీదుగా పోతుంటే వెట్టివాళ్లు దానికి ముందూ వెనకా పరుగెత్తాలి. దారి ఖాళీ చేయించడం, సవారీకి కాపలా కాయడం వాళ్ల పని. దానికి కూలి లేదు. దొర గడీ ముందు నుంచి పోయేవాడు చెప్పులు విడిచి చేతపట్టుకోవాలి, ఎక్కిన వాహనం దిగి నడవాలి. ఇవి కూడా రోడ్డు నిబంధనలే. ఏ గెజిట్‌లోనూ అచ్చు కాకపోయినా చట్టం కంటే గట్టిగా అమలయ్యాయి, తప్పినవాడికి జరిమానా కొరడా దెబ్బల రూపంలో పడేది. ట్రాఫిక్ చరిత్రల్లో సాధారణంగా ఈ భాగం కనిపించదు. ఈ ప్రాంతం వరకు మాత్రం ఇది వదిలితే మిగతాది అర్థం కాదు. దొరకైనా పాలేరుకైనా ఒకటే నియమం, ఎవరి ఎడమ వారిదే అన్న మాట ఇక్కడ ఎంత కొత్తదో, సమానత్వం అనే మాటకు అది ఎంత దగ్గరో ఆ నేపథ్యంలోనే తెలుస్తుంది.

రాతపూర్వకమైన చట్టం విషయానికొస్తే, ఈ దారికి ఒక వింత ఉంది. సూర్యాపేట నుంచి కోదాడకు సుమారు నలభై అయిదు కిలోమీటర్లు. ఈ రెండూ నిజాం రాజ్యంలోవి. మధ్యలో ఉన్న మునగాల పరగణా మాత్రం బ్రిటిష్ వారి మద్రాసు రాష్ట్రంలో, కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో భాగం. నాలుగు వైపులా నిజాం నేల, నడుమ ఇంగ్లీషు నేల. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి అండగా నిలిచిన రాజా నాయని వెంకటరంగారావు ఈ పరగణా జమీందారే. హైదరాబాదు నుంచి బెజవాడకు బయలుదేరిన మోటారు నిజాం హద్దు దాటి ఇంగ్లీషు సీమలో అడుగుపెట్టి, మళ్లీ నిజాం హద్దులోకి వచ్చి కోదాడ చేరి, అది దాటాక మళ్లీ ఇంగ్లీషు సీమలోకి పోయేది. నిజాం సీమలో హాలీ సిక్కా నాణెం, ఇంగ్లీషు సీమలో కల్దారు రూపాయి. హద్దుల దగ్గర నిజాం సర్కారు సుంకం వసూలు చేసే కరోడ్‌గిరీ నాకాలు.

చట్టాలు కూడా అలాగే విడివిడిగా ఉండేవి. నిజాం జిల్లాలకు ఫసలీ 1329 నాటి, అంటే 1919–20 నాటి, జిల్లా పోలీసు చట్టం. మునగాలకు 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం, 1860 నాటి శిక్షాస్మృతి. ఆ పోలీసు చట్టం రోడ్డు మీద పశువులను అడ్డగోలుగా తోలడం, బండి నిలిపి బాటసారులకు అడ్డం కావడం వంటి వాటికి జరిమానా చెప్పింది. శిక్షాస్మృతిలోని 279వ సెక్షన్ నిర్లక్ష్యంగా బండి నడపడాన్ని, 283వ సెక్షన్ దారికి అడ్డం పెట్టడాన్ని నేరాలుగా చేశాయి. మోటార్లకంటూ బ్రిటిష్ ఇండియాలో మొదటి దేశవ్యాప్త చట్టం 1914లో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1939 మోటారు వాహనాల చట్టం పదో షెడ్యూలులో నేటికీ డ్రైవింగ్ స్కూళ్లలో వల్లె వేయించే సూత్రాలున్నాయి: వీలైనంత ఎడమకు నడపాలి, ఎదురొచ్చేవాడిని నీ కుడి పక్క నుంచి పోనివ్వాలి, ముందున్నవాడిని దాటాలంటే కుడి నుంచే దాటాలి, కూడలి దగ్గర నెమ్మదించాలి.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం బెజవాడ వైపు నుంచి ఈ రోడ్డు మీదే వచ్చింది. ఉదయానికి కోదాడ, మధ్యాహ్నానికి మునగాల చేరింది. సూర్యాపేట దగ్గర నిజాం బలగాలు వెనక్కి తగ్గుతూ మూసీ వంతెనను పేల్చేసినా సైన్యం దాన్ని తొందరగానే బాగుచేసుకుని ముందుకు సాగింది. 1951లో కేంద్ర చట్టాలను హైదరాబాదు వంటి రాష్ట్రాలకు విస్తరించడంతో రోడ్డు పొడవునా ఒకే మోటారు చట్టం వచ్చింది. మునగాల కూడా తర్వాత నల్లగొండ జిల్లాలో కలిసింది.

నిజాం కాలం నుంచి మిగిలిన గుర్తు ఒకటి బస్సు నంబరు పలకలో ఉంది. నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ఆ బస్సుల నంబర్లలో జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని అంటారు. ఎన్ని రాష్ట్రాలు మారినా, ఆ సంస్థ ఎన్ని కార్పొరేషన్ల పేర్లు పెట్టుకున్నా ఆర్టీసీ బస్సుకు జెడ్ వదలలేదు.

1939 చట్టంలో గానీ, దాని స్థానంలో 1989 జూలై 1న అమల్లోకి వచ్చిన 1988 చట్టంలో గానీ సైకిలుకు పెద్దగా చోటు లేదు. సైకిలు మోటారు వాహనం కాదు గనుక అది స్థానిక సంస్థలకూ పోలీసులకూ వదిలేసిన వ్యవహారం అయింది. మున్సిపాలిటీలు, పంచాయతీలు బండ్లకూ సైకిళ్లకూ పన్ను వేసేవి. పన్ను కట్టిన సైకిలుకు రేకు బిళ్ల ఇచ్చేవారు, దాన్ని హ్యాండిలుకో సీటు కిందో బిగించుకునేవారు. మోటారు వాహనం నంబరు పలక మీద పడే శ్రద్ధంతా ఆ రోజుల్లో ఈ బిళ్ల మీద పడేది.

సైకిలు మీద రెండు నిబంధనలు జనానికి బాగా గుర్తు. రాత్రి లైటు ఉండాలి, డబుల్ సవారీ కూడదు. మొదట్లో లైటంటే ముందర తగిలించే కిరోసిన్ దీపం. తర్వాత డైనమో వచ్చింది. సీసాలాంటి ఆ చిన్న పరికరాన్ని వెనక చక్రానికి ఆనిస్తే తిరిగి కరెంటు పుట్టిస్తుంది. తొక్కితేనే వెలుగు. ఎత్తు మీద కాళ్లు మొరాయిస్తే దీపమూ మొరాయిస్తుంది, ఆగితే ఆరిపోతుంది. డైనమో ఆనించగానే పెడలు బరువెక్కుతుంది గనుక చాలామంది చౌరస్తా దగ్గరపడే దాకా దాన్ని ఆనించేవారు కాదు. దీపం లేనివాడు పోలీసు కనిపించగానే దిగి సైకిలు నడిపించుకుంటూ పోయేవాడు. చట్టం దృష్టిలో ఆ క్షణం నుంచి అతను సైకిలిస్టు కాదు, పాదచారి. వెనక క్యారేజీ మీద కూర్చున్నవాడు చౌరస్తాకు నాలుగు గజాల ముందు దుమికి, అవతల మళ్లీ ఎక్కేవాడు. దొరికితే జరిమానా, జరిమానా రాసే తీరిక లేకపోతే టైరు వాల్‌ట్యూబు పీకి గాలి తీసేయడం. ఈ రెండో శిక్ష ఏ చట్టంలోనూ లేదు, కానీ సైకిలు తొక్కిన తరం మరిచిపోనిది అదే. కల్లు లొట్లు వేలాడే గీత కార్మికుడి సైకిలుకు, పాలక్యాన్లు కట్టిన సైకిలుకు ఎంత బరువు ఉండాలన్నది మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. వెనక మడ్‌గార్డు చివర వేసే తెల్ల రంగు, దాని నడుమ ఎర్ర గాజు బిళ్ల, ఈ రెండే ఆ సైకిలు ప్రాణానికి బీమా.

సాగర్ నీళ్లు రావడంతో రోడ్ల మీద సరుకు మారింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మాగాణి అయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణమైంది. దాంతో ఏ చట్టం రాసినవాడూ ఊహించని రెండు ట్రాఫిక్ సమస్యలు వచ్చాయి. ఒకటి, కోతల కాలంలో మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరడం. 2020 సన్నవడ్ల సీజన్‌లో అధికారులు రైతులకు టోకెన్లు ఇచ్చి, టోకెన్ ఉన్న ట్రాక్టరే మిల్లుకు రావాలని పెట్టడానికి కారణం ఈ బారులే. క్యూ పద్ధతిని పొలం దాకా జరిపిన నిబంధన అది.

రెండోది వడ్లు ఆరబోయడం. కొత్తగా వేసిన తారు రోడ్డు కంటే మంచి కల్లం రైతుకు దొరకదు. ఎండకు తారు వేడెక్కుతుంది, మట్టి అంటదు, కాపలాకు ఇల్లు దగ్గర. అందుకే సగం రోడ్డు మీద వడ్లు పరచి, వాహనాలు ఎక్కకుండా అంచున రాళ్లు వరసగా పేరుస్తారు. సాయంత్రం కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పుతారు, అది ఎగిరిపోకుండా మళ్లీ రాళ్లు. చీకటి పడ్డాక నల్ల రోడ్డు మీద నల్ల టార్పాలిన్, దాని చుట్టూ రాళ్లు. రాత్రి పూట బైకు మీద ఇంటికి పోయేవాడు అది కుప్ప అని తెలుసుకునేసరికి దాని మీదే ఉంటాడు. పోలీసులు ఏటా హెచ్చరిస్తారు. పాత 283వ సెక్షన్ జరిమానా రెండు వందల రూపాయలకు మించేది కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ దాన్ని అయిదు వేల దాకా పెంచింది. కొనుగోలు కేంద్రం తేమ శాతం చూసి గానీ వడ్లు తీసుకోదు, ఊళ్లో సిమెంటు కల్లం లేదు. ఈ రెండూ మారకుండా జరిమానా ఒక్కటి పెంచితే రాళ్లు రోడ్డు దిగవు.

2012 చివరికి హైదరాబాదు–విజయవాడ రోడ్డు నాలుగు వరుసలైంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర టోల్ గేట్లు వచ్చాయి. నడిమధ్య డివైడర్ వచ్చింది. ఎదురెదురు ఢీకొనే ప్రమాదాన్ని తగ్గించడానికి కట్టిన ఈ డివైడరే రాంగ్ రూట్ అనే కొత్త అలవాటుకు కారణమైంది. ఊరు రోడ్డుకు ఇవతల, పొలం అవతల. యూటర్న్ ఎంతో దూరం పోతే గానీ రాదు. డీజిల్ ధర తెలిసిన రైతు అంత దూరం పోడు, ఎదురు దిశలో అంచు పట్టుకుని వచ్చేస్తాడు. అతను చూసే లెక్క పది నిమిషాలది. అదే వరుసలో ఎదురొస్తున్న కారుకు మిగిలేది సెకన్లు. సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ 2014 డిసెంబరు 6న మరణించింది మునగాల మండలం ఆకుపాముల దగ్గర, కారు ట్రాక్టరును ఢీకొనడం వల్ల. ఆ తర్వాత ఆ కుటుంబపు సినిమాలు కొన్ని జాగ్రత్తగా నడపమన్న మాటతో మొదలవుతున్నాయి. రోడ్డు వేసినప్పుడే పల్లెకూ పొలానికీ మధ్య కింది నుంచి దారి ఇస్తే రాంగ్ రూట్ చాలా మట్టుకు ఉండేది కాదు. ప్రమాదాలు జరిగాక లెక్క చూసి కట్టే పద్ధతి ఉంది. సుమారు 500 మీటర్ల మేర మూడేళ్లలో ప్రాణం పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు అయిదు జరిగితే, లేదా పది మంది చనిపోతే, అది బ్లాక్ స్పాట్ అవుతుంది. అంటే అండర్‌పాస్ కావాలంటే ముందు ఆ లెక్క నిండాలి.

జరిమానాల కథ చిన్నది. 2019 సెప్టెంబరు 1న కేంద్రం పెంచిన జరిమానాలను తెలంగాణ అమలు చేయలేదు. అందువల్ల ఆ తర్వాత కూడా హెల్మెట్ లేకపోతే వంద రూపాయలు, దానికి ముప్పై అయిదు రూపాయల యూజర్ చార్జీ ఉండేవి. రాసే రసీదు పోయి కెమెరా ఫొటో వచ్చింది, చలానా ఇంటికి రాదు, ఫోన్‌కు వస్తుంది. కట్టనివి కుప్పపడటంతో 2022లో, మళ్లీ 2023 డిసెంబరులో సర్కారు రాయితీ ఇచ్చింది. రెండోసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం, తోపుడు బండ్లకు 90 శాతం మాఫీ. తోపుడు బండికి కూడా చలానా ఉంటుందని చాలామందికి ఆ ప్రకటనతోనే తెలిసింది.

2014 జూన్ 2 తర్వాత కోదాడ మళ్లీ హద్దు పట్టణమైంది. రామాపురం క్రాస్ రోడ్డు దగ్గర తెలంగాణ చెక్‌పోస్టు, వాగు దాటాక గరికపాడు దగ్గర ఆంధ్రప్రదేశ్ చెక్‌పోస్టు వెలిశాయి. 2015 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ రవాణా వాహనాలకు తెలంగాణలో పన్ను మొదలైంది. 2021 మే నెలలో కరోనా రోగులతో హైదరాబాదు పోతున్న అంబులెన్సులను ఇక్కడే ఆపారు. హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. కరోడ్‌గిరీ నాకా ఎక్కడుండేదో తెలిసిన ముసలివాళ్లకు ఇది కొత్తగా కనిపించి ఉండదు.

నడిచేవాడి మాట చట్టంలో మొదటి నుంచీ ఉంది, అయితే డ్రైవరు బాధ్యతగానే. 1989 నుంచి 2017 దాకా అమల్లో ఉన్న రోడ్డు నియమాల్లోని పదకొండోది పాదచారులకే దారి హక్కు అన్న శీర్షికతో మొదలై, ఫుట్‌పాత్ మీద వాహనం నడపకూడదని చెప్పింది. కోదాడ రంగా థియేటర్ చౌరస్తాలో గానీ మిర్యాలగూడ సాగర్ రోడ్డులో గానీ అలాంటి నియమాన్ని ఉల్లంఘించడం కష్టం, ఎందుకంటే నడపడానికి ఖాళీ ఫుట్‌పాత్ దొరకాలి కదా. దుకాణం మెట్లు, ఆగిన బైకులు, పండ్ల బండ్లు దాటుకుని మనిషి రోడ్డు మీదనే నడుస్తాడు. ఫుట్‌పాత్ లేని చోట కుడి అంచున, వచ్చే వాహనాలకు ఎదురుగా నడవమని పిల్లలకు చెబుతారు. బండికి ఎడమ, కాలికి కుడి అన్న ఈ తేడా పెద్దవాళ్లలో ఎందరు పాటిస్తారో ఒక సాయంత్రం ఖమ్మం క్రాస్ రోడ్డు దగ్గర నిలబడి చూడవచ్చు. 2019 సవరణ 138వ సెక్షన్‌లో కొత్త ఉపవిభాగం చేర్చి, పాదచారులకూ మోటారు లేని వాహనాలకూ రాష్ట్రాలే నిబంధనలు చేయవచ్చని చెప్పింది. ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో అంది. ఆ నిబంధనలు ఆరు నెలల్లో చేయమని అదే ఏడాది అక్టోబరులో రాష్ట్రాలను ఆదేశించింది. 1914 నుంచి లెక్కేస్తే మోటారుకు చట్టం వచ్చిన నూటపదకొండేళ్లకు నడిచేవాడి వంతు వచ్చింది.

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతులస్వామి, చౌడమ్మల జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. గొల్లల జాతర గనుక గొల్లగట్టు అనీ అంటారు. గుట్ట రహదారి అంచునే ఉంది. కేసారం నుంచి దేవరపెట్టెను భుజాల మీద పెట్టుకుని కాలినడకన తెస్తారు. గజ్జెల లాగులు, భేరీలు, ఓ లింగా అన్న కేకలు, గొర్రెలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు అన్నీ ఆ రోడ్డు మీదికే వస్తాయి. ఈ మందకు పక్కకు జరగమని చెప్పేవారు లేరు. జాతర సాగే అయిదు రోజులూ హైదరాబాదు–విజయవాడ వాహనాలను పోలీసులు నార్కట్‌పల్లి దగ్గర మళ్లించి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపిస్తారు.